థ్రాటిల్ బాడీ మార్చాలంటే: దుబ్బలో తిరిగే పెట్రోల్ బండికి ఏ పని ముందు, ఏది తర్వాత

"పెద్ద థ్రాటిల్ బాడీ ఎయ్యి అన్నా, బండి ఉరుకుతది, పెట్రోల్ కూడా తక్కువ తాగుతది" అని నాకు మొదట చెప్పింది దేవరకొండలో టీ కొట్టు దగ్గర కలిసిన ఒకతను. అతని బండికి ఆ సామాను లేదు. ఎవరి బండికో ఉంటే చూశాడంతే. నేను ఆ మాట పట్టుకుని నా జిప్సీకి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించి బిగించాను. బత్తాయి తోటకు పోయే బాటలో గుట్ట ఎక్కే దగ్గర ఎక్సలేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, బండి కప్పలా గెంతేది. రెండు వారాలు తిప్పి, విప్పేసి, పాతదాన్నే కడిగి పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక దోస్తు బండికి ఇదే పని పద్ధతిగా చేశాం, అది నిలబడింది. తేడా ఎక్కడ వచ్చిందో, మీరు చేసుకుంటే ఏ వరుసలో చేయాలో రాస్తున్నాను. వరుస తప్పితే డబ్బులు పోతాయి, నాకు పోయినట్టే.

ముందు మీ బండి ఏదో చూసుకోండి

ఎక్సలేటర్ తొక్కితే పెట్రోల్ పెరుగుతుందని మనందరి లెక్క. పెట్రోల్ ఇంజన్‌లో మీ కాలు తెరిచేది గాలి తలుపును. అదే థ్రాటిల్ బాడీ: ఒక అల్యూమినియం గొట్టం, మధ్యలో ఇరుసు మీద తిరిగే గుండ్రటి బిళ్ల. బిళ్ల ఎంత తెరుచుకుంటే అంత గాలి లోపలికి పోతుంది. ఎంత గాలి వచ్చిందో సెన్సర్ల ద్వారా ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) లెక్కగట్టి, దానికి సరిపడా పెట్రోల్ ఇంజెక్టర్ల నుంచి వదులుతుంది. మామూలు పెట్రోల్‌కు ఆ లెక్క బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు గాలి ఇంకొంచెం తక్కువ చాలు.

డీజిల్ బండికి ఈ కథ వర్తించదు. డీజిల్ ఇంజన్‌లో బలాన్ని తగ్గించేది, పెంచేది పోసే డీజిలే, గాలి తలుపు కాదు. కొత్త డీజిల్ బండ్లలోనూ గాలి దారిలో ఒక బిళ్ల కనబడుతుంది గానీ దాని పని వేరు. ఈజీఆర్ పొగను, అంటే సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేదాన్ని, లోపలికి లాగడానికి, ఇంజన్ ఆపినప్పుడు కుదుపు లేకుండా ఆపడానికి పెట్టింది అది. కాబట్టి బొలేరో, గూర్ఖా, డీజిల్ థార్ ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగి, ఆ డబ్బులు టైర్ల మీద పెట్టుకోవచ్చు.

పెట్రోల్ థార్‌లో ఉన్నది టర్బో ఇంజన్. గాలిని తోసే పని టర్బోది, ఎంత తోయాలో చెప్పే పని ఈసీయూది. బిళ్ల పెద్దది చేసినంత మాత్రాన ఆ హుకుం మారదు. జిమ్నీకి టర్బో లేదు గానీ తలుపు తెరిచేది మోటారు, కేబుల్ కాదు. అలాంటి బండికి పెద్ద బాడీ వేస్తే ఈసీయూలో రాత కూడా మార్పించాలి. బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండికి ఆ జోలికి పోవద్దనే నా సలహా, వారంటీ ఉంటే అసలే వద్దు.

మిగిలింది కేబుల్‌తో నడిచే ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ ఉండే) పెట్రోల్ బండ్లు. మన వైపు అంటే ముఖ్యంగా 2000 తర్వాత వచ్చిన 1.3 లీటర్ల జిప్సీ. కింద రాసేదంతా దాన్ని ముందు పెట్టుకుని రాస్తున్నదే.

అడ్డు నిజంగా అక్కడే ఉందా?

నేను చేయనిది, మీరు తప్పక చేయాల్సింది ఈ పరీక్ష. దీనికి ఒక వాక్యూమ్ గేజ్, అంటే ఇంజన్ గాలిని ఎంత గట్టిగా పీలుస్తోందో చూపే మీటరు, చాలు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు (థ్రాటిల్ బాడీ నుంచి సిలిండర్లకు గాలి పంచే భాగం) తగిలించిన సన్న వాక్యూమ్ గొట్టాల్లో ఒకదాన్ని కోసి, మధ్యలో 'టీ' జాయింట్ పెట్టి, అక్కడి నుంచి గేజ్ గొట్టాన్ని కిటికీలోంచి లోపలికి తీసుకోండి. బ్రేక్ బూస్టర్‌కు పోయే లావు గొట్టాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఇంజన్ వేడెక్కాక, బండి నిలబడి ఉండగా, స్లోయింగ్‌లో (ఎక్సలేటర్ ముట్టకుండా ఇంజన్ తిరిగేటప్పుడు) ముల్లు ఎక్కడుందో చూడండి. సముద్రమట్టం దగ్గర మంచి ఇంజన్ పాదరసం లెక్కలో 17 నుంచి 21 అంగుళాలు చూపుతుంది. మనం ఎత్తులో ఉన్నాం, మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్లు, నల్లగొండ దానికి కొంచెం తక్కువ. అందుకని మన దగ్గర 16 నుంచి 19 మధ్య, కదలకుండా నిలబడితే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ముల్లు వణుకుతుంటే వాల్వుల్లో తేడానో, మిస్సింగో (ఏదో సిలిండర్ సరిగ్గా మండకపోవడం) ఉంది. ముందు దాని సంగతి చూసుకోవాలి. జబ్బు ఇంజన్‌కు పెద్ద థ్రాటిల్ బాడీ వేయడమంటే కాళ్ల నొప్పులున్నాయని కొత్త చెప్పులు కొనుక్కోవడమే.

ఇక అసలు పరీక్ష. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ పోయే 167వ నంబరు జాతీయ రహదారి మీద పొద్దున్నే ఖాళీగా, తిన్నగా ఉండే ముక్కలు బోలెడు. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి, గేజ్ చూసే పని వాళ్లది, మీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. రెండో గేరులో ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి 5,000 ఆర్‌పీఎం దాటేదాకా లాగండి. తలుపు మొత్తం తెరిచినప్పుడు గేజ్ దాదాపు సున్నాకు పడిపోవాలి. ఒక అంగుళం లోపల ఉంటే మీ థ్రాటిల్ బాడీ ఇంజన్‌కు కావలసిన గాలంతా ఇస్తోంది. దాన్ని పెద్దది చేసినా వచ్చేదేమీ లేదు. రెండు అంగుళాలో మూడో చూపిస్తే దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఎక్కడో అన్నాను, థ్రాటిల్ బాడీలోనే అని కాదు. కొత్త ఎయిర్ ఫిల్టర్ వేసి మళ్లీ లాగి చూడండి. ఎక్కువ బండ్లలో ముల్లు అక్కడే దిగొస్తుంది.

ఓబీడీ (ఈసీయూలోని వివరాలు చదివే ప్లగ్గు) ఉన్న బండికి గేజ్ కూడా అక్కర్లేదు. చిన్న స్కానర్ పెట్టి ఫోన్‌లో మ్యానిఫోల్డ్ ప్రెషర్ చూస్తే సరి. ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్ చేస్తే అది బయటి గాలి ఒత్తిడిని చూపుతుంది, మన ఎత్తులో 95 కిలోపాస్కల్స్ అటూ ఇటూ. పూర్తిగా తొక్కినప్పుడు కూడా ఆ అంకెకు మూడు, నాలుగు లోపే ఉంటే అడ్డు లేనట్టు.

మైలేజీ మాట కూడా ఇక్కడే తేల్చేస్తాను. 1.3 లీటర్ల ఇంజన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి గట్టిగా పీలిస్తే 3,900 లీటర్ల గాలి. 2,000 దగ్గర దానిలో మూడోవంతే, అదీ తలుపు మొత్తం తెరిస్తే. మనం రోజూ తిరిగేటప్పుడు తలుపు మొత్తం తెరిచేదెప్పుడు? అరవై మీద పోయే బండికి కావలసిన గాలి అంతే, నోరు చిన్నదైనా పెద్దదైనా. నోరు పెద్దదైతే అదే గాలి కోసం బిళ్ల ఇంకొంచెం మూసుకుని ఉంటుంది. అందుకే నోరు పెద్దది చేస్తే మైలేజీ పెరగదు. కాలు కింద బండి చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తే మనం ఇంకా తొక్కుతాం, ఇంకా తాగుతుంది.

ఇదే వరుసలో ఇంకొకటి. థ్రాటిల్ బాడీకి, మ్యానిఫోల్డ్‌కు మధ్య పెట్టే స్పేసర్లని, గాలిని సుడి తిప్పే ఫ్యాన్లని అమ్ముతుంటారు. ఎంపీఎఫ్ఐ బండిలో పెట్రోల్ ఆ దారిన పోనే పోదు, సిలిండర్ గుమ్మం దగ్గర ఇంజెక్టర్ నుంచి పడుతుంది. గాలిని అక్కడ సుడి తిప్పి ఏం కలుపుతారో అమ్మేవాళ్లే చెప్పాలి.

కడగడం: సగం మంది పని ఇక్కడే అయిపోతుంది

ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు 10 నంబరు పానాతో తీసేయండి. ఫిల్టర్ డబ్బా నుంచి వచ్చే లావు రబ్బరు గొట్టం క్లాంపు వదులు చేసి లాగితే థ్రాటిల్ బాడీ నోరు కనబడుతుంది. కేబుల్ బండి అయితే బిళ్లను వేలితో తోసి తెరిచి, టార్చి కొట్టి చూడండి. మోటారు రకమైతే తాళం ఆన్‌లో ఉండగా వేలు పెట్టొద్దు. బిళ్ల ఠక్కున మూసుకుంటే వేలు నలుగుతుంది, బలంగా తోస్తే లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి.

బిళ్ల వెనక వైపు, అంచు మూసుకునే చోట చుట్టూరా, కాటుక పెట్టినట్టు నల్లటి వలయం ఉంటుంది. ఇంజన్ లోపలి ఆవిరిని వదిలే బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ పేరుకుని అలా గడ్డకడుతుంది. ఏ ఊరి బండికైనా ఉండేదే. నా బండిలో దాని ముందు భాగాన, గాలి లోపలికి వచ్చే వైపు, ఇటుక రంగు పూత ఒకటి కనిపించింది. వేలితో రాస్తే పసుపులా అంటింది, రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరమంది. మన చెలక దుబ్బ. నలుపు గురించి నాకు భయం లేదు గానీ ఆ ఎరుపు చూడగానే గుండె జారింది. ఫిల్టర్ దాటాక దుబ్బ ఉండకూడదు. ఉందంటే అది పిస్టన్ రింగుల దాకా పోయిందనే, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరుగుతోందనే అర్థం. వెతికితే ఫిల్టర్ డబ్బా మూత రబ్బరు ఒక మూల చిట్లి ఉంది.

కడగడానికి థ్రాటిల్ బాడీ క్లీనర్ అని డబ్బా దొరుకుతుంది, అదే కొనండి. కార్బ్యురేటర్ క్లీనర్ గట్టి మందు. కొన్ని బాడీల లోపల సన్నటి పూత ఉంటుంది, అది ఊడిపోతుంది, రబ్బరు రింగులు ఉబ్బుతాయి. పెట్రోల్‌తో కడిగే అలవాటు షెడ్లలో ఉంది. వేడి ఇంజన్ మీద ఆ పని చేయడం చూస్తే మాత్రం నేను లేచి బయటకు పోతాను.

క్లీనర్‌ను నేరుగా లోపలికి కొట్టేకంటే పాత బనీను గుడ్డ మీద కొట్టి తుడవడం మేలు. నేరుగా కొడితే కరిగిన మడ్డి అంతా మ్యానిఫోల్డ్‌లోకే కారుతుంది. వీలైతే బాడీని మొత్తం విప్పి బయట కడగండి. బిళ్ల అంచు, అది ఆనే గోడ, ఇరుసు రెండు చివర్లు చూసుకోవాలి. మెత్తటి టూత్ బ్రష్ పర్వాలేదు. బ్లేడు, ఉప్పుకాగితం, స్క్రూడ్రైవర్ మొన వద్దు. పక్కన ఉండే నల్లటి థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ మీద మందు పడనీయకండి. స్లోయింగ్ గాలి వచ్చే ఐడిల్ కంట్రోల్ వాల్వ్ దారి కూడా ఇలాగే మూసుకుపోతుంది, దానినీ విప్పి తుడవండి. దాని కొత్త ఓ-రింగు ముందే తెచ్చిపెట్టుకుంటే మంచిది.

ఒక మర ఉంటుంది, బిళ్ల ఎంత దాకా మూసుకోవాలో ఆపేది. దాని తల మీద కంపెనీ పెయింట్ చుక్క ఉంటుంది. స్లోయింగ్ పెంచమంటే చాలామంది మెకానిక్‌లు దాన్నే తిప్పుతారు. ఆ చుక్క చెదరకుండా ఉంటే మీ అదృష్టం, మీరూ ముట్టుకోకండి.

కడిగి బిగించాక తేడా గుట్టల మీద తెలుస్తుంది. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే లివర్ స్థానం), మొదటి గేరులో రాళ్ల మీద పాకేటప్పుడు మనం వాడేది పెడల్‌లో మొదటి అర అంగుళమే. మడ్డి పట్టిన బిళ్ల అక్కడే అంటుకుని, తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. అది పోతే బండి చెప్పిన మాట వింటుంది. పెద్ద బాడీ వేస్తే సరిగ్గా ఆ మొదటి అర అంగుళమే ఆగమవుతుంది. రాళ్ల మీద తిరిగే బండికి పెద్దది కావాలా అని నేను అడిగేది అందుకే.

దుబ్బ, చీలికలు

ఫిల్టర్ డబ్బా మూత రబ్బరు, క్లిప్పులు, ఫిల్టర్ నుంచి థ్రాటిల్ బాడీ దాకా వచ్చే గొట్టం ముడతలు, అన్నీ వంచి చూడండి. చీలికలు ముడతల లోతులో దాక్కుంటాయి. పంక్చర్ షాపులో ఫిల్టర్‌కు గాలి కొట్టించేటప్పుడు లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో, దూరం నుంచి కొట్టమనండి. టైరుకు కొట్టినట్టు కొడితే కాగితానికి కంటికి కనబడని చిల్లులు పడతాయి. నూనె పట్టించే బట్ట ఫిల్టర్లు గాలిని ధారాళంగా వదులుతాయి, దుబ్బనూ అలాగే వదులుతాయి. మన బాటలకు కాగితం ఫిల్టరే నాకు నచ్చింది. వరి కోతల రోజుల్లో మిర్యాలగూడ వైపు ఎక్కువ తిరిగితే వారానికోసారి డబ్బా తెరవాల్సిందే. హార్వెస్టర్ల వెనక లేచే పొట్టు, రైస్ మిల్లుల నూక దుమ్ము డబ్బా అడుగున గుప్పెడు చేరుతుంది. ట్రాక్టర్ వాళ్లు సైలెన్సర్ పక్కన దుబ్బ గిన్నె పెట్టుకునేది ఊరికే కాదు.

థ్రాటిల్ బాడీ దాటాక ఉండే చీలికలు ఇంకో రకం. అక్కడ బిళ్లతో పని లేకుండా గాలి దూరుతుంది, స్లోయింగ్ పెరుగుతుంది, వాడకం కూడా పెరుగుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా మొక్కలకు కొట్టే నీళ్ల స్ప్రేతో గొట్టాల మీద, ప్యాకింగ్ అంచుల మీద సన్నగా కొట్టండి, వైర్లు తప్పించి. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజన్ చప్పుడు మారితే అక్కడే లీకు. మా మెకానిక్ భాయ్ షెడ్డులో అగరబత్తి పొగ పెట్టి పట్టుకుంటాడు. పొగ లోపలికి వంగిన చోటు చూపించి నవ్వుతాడు. పెట్రోల్ బండి దగ్గర నిప్పు నేను చెప్పను. నీళ్లు చాలు.

అయినా పెద్దదే కావాలంటే

దోస్తు బండికి ముందే పెద్ద సైలెన్సర్ పైపులు, వేరే క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) పడ్డాయి, గేజ్ కూడా రెండున్నర అంగుళాలు చూపింది, కొత్త ఫిల్టర్ వేసినా దిగలేదు. అలాంటి బండికి పని ఉంది. మొదలుపెట్టే ముందు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చి ఆర్‌సీలో ఎక్కిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజన్ మార్పులని తెలిస్తే ఇన్సూరెన్స్ వాళ్లు కొర్రీ పెట్టొచ్చు. అడిగి, తెలుసుకుని చేయండి. ఊరి బాటల్లో, సొంత భూమిలో నడిపితే సరే గానీ, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవిలోకి బండి దింపి పరీక్షిస్తానంటే అది ఇంకో కేసు.

కొలతలు. కంటి అంచనా కాదు, వెర్నియర్ పెట్టండి. బిళ్ల దగ్గర లోపలి వ్యాసం, బోల్టుల మధ్య దూరాలు, కేబుల్ ఏ వైపు లాగుతుంది, సెన్సర్ ప్లగ్గు ఆకారం, ఐడిల్ వాల్వ్ ఎక్కడుంది, వాక్యూమ్ ముక్కులు ఎన్ని, కూలెంట్ గొట్టాలు ఉన్నాయా. ఇవన్నీ కాగితం మీద రాసుకుని కొనేదానితో ఒక్కొక్కటే సరిపోల్చండి. హైదరాబాద్ ఆటోనగర్‌లో పెద్ద ఇంజన్ల పాత బాడీలు దొరుకుతాయి. కొంటే ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ కదిలించి చూడండి. లొడలొడలాడితే పక్కన పెట్టేయండి, అక్కడి నుంచి గాలి లాగుతుంది.

పెద్దదంటే ఎంత? 40 ఎంఎం నోటిని 44 చేస్తే పెరిగింది నాలుగే కదా అనిపిస్తుంది. వైశాల్యం లెక్కన అది 21 శాతం ఎక్కువ. ఆ సైజు ఇంజన్‌కు నాలుగు ఎంఎంకు మించి పోవద్దనేది నా అభిప్రాయం.

నేను చూడకుండా దెబ్బతిన్నది కేబుల్ చుట్టుకునే చక్రం దగ్గర. పాత బాడీకి అది కోడిగుడ్డు ఆకారంలో ఉంది. పెడల్ మొదట్లో బిళ్లను నెమ్మదిగా, తర్వాత వేగంగా తిప్పేది. ఆన్‌లైన్‌ది నున్నటి గుండ్రం. మొదటి నుంచే ఒకే వేగం, పైగా నోరు పెద్దది. గుట్ట మీద కప్ప గెంతులు అక్కడి నుంచే వచ్చాయి. దోస్తు బండికి గుడ్డు ఆకారం చక్రం ఉన్న బాడీనే వెతికి వేశాం.

మ్యానిఫోల్డ్ నోరు. బాడీ 44, మ్యానిఫోల్డ్ 40 అయితే లోపల మెట్టు మిగులుతుంది, పెట్టిన ఖర్చు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మ్యానిఫోల్డ్‌ను ఇంజన్ నుంచి విప్పి, లేత్ షాపులో నోరు పెద్దది చేయించి, లోపలికి పోను పోను పాత కొలతకు కలిసేలా ఏటవాలుగా తీయించండి. బండి మీదే ఉంచి గ్రైండర్ పెట్టేవాళ్లున్నారు. అల్యూమినియం రజను ఒక్క చిటికెడు సిలిండర్‌లోకి పోతే బోరు గీతలు పడుతుంది. గోడ ఎంత మందం ఉందో ముందే చూసుకోండి, బోల్టు రంధ్రాల దగ్గర ఎక్కువ మిగలదు. ప్యాకింగ్‌ను కొత్త నోటి కొలతకు కత్తిరించాలి, లోపలికి పొడుచుకు రాకూడదు. సిలికాన్ గమ్ పూయకండి, దాని ముద్దలు ఊడి లోపలికే పోతాయి.

విప్పడం, బిగించడం

విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. గొట్టాలకు టేపు చుట్టి అంకెలు వేయండి. ఇంట్లో పిల్లలుంటే ఆ పని వాళ్లకు ఇవ్వండి, మనకంటే శ్రద్ధగా రాస్తారు. కూలెంట్ గొట్టాలను చల్లారాకే తీయాలి, తీయగానే కొసలకు బిరడాలు పెట్టాలి. మన దగ్గర మంచు లేదు కదా అని, బిళ్ల దగ్గర గడ్డకట్టకుండా వేడిచ్చే ఆ కూలెంట్ దారిని మూసేసేవాళ్లున్నారు. దానితో ఒరిగేదేమీ లేదు, ఉన్నది ఉన్నట్టు కలపండి. మ్యానిఫోల్డ్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, పడిన నట్టును వెతుక్కునే బాధ తప్పుతుంది. గుడ్డ ఎర్రదైతే మర్చిపోరు.

బోల్టులు ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించాలి. 8 ఎంఎం బోల్టులకు సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల దగ్గర చాలు, మీ బండి మాన్యువల్‌లో ఏముందో అదే ఖాయం. అల్యూమినియంలో మర తిరిగిపోతే ఆ రోజు పని అక్కడితో ఆగుతుంది.

ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఒకరిని సీట్లో కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కించండి. బిళ్ల గాలికి అడ్డు లేకుండా పూర్తిగా తెరుచుకోవాలి. వదలగానే ఠప్పుమని మూసుకోవాలి. ఒకసారి కాదు, ఇరవైసార్లు చూడండి. స్టీరింగ్ తిప్పుతూ చూడండి, మ్యాటు పెడల్‌కు అడ్డం పడుతుందేమో చూడండి. కేబుల్‌కు కొంచెం వదులు ఉండాలి. తెరుచుకుని ఇరుక్కుపోయిన థ్రాటిల్‌తో ఘాట్ రోడ్డు దిగడం ఎవరికీ వద్దు. ఎప్పుడైనా అలా జరిగితే ముందు క్లచ్, బ్రేక్, తర్వాత ఇంజన్ ఆఫ్. కదులుతున్న బండిలో తాళం మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

సెన్సర్, స్లోయింగ్

థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ వైర్ల మీద మల్టీమీటర్ పెట్టండి. బిళ్ల మూసి ఉన్నప్పుడు అర వోల్టు చుట్టూ, మొత్తం తెరిచినప్పుడు 4 నుంచి 4.5 వోల్టుల మధ్య చూపడం సాధారణం. మధ్యలో నెమ్మదిగా తెరుస్తూ పోతే అంకె ఎక్కడా గెంతకుండా పెరగాలి. గెంతితే సెన్సర్ అరిగింది. మూసినప్పటి వోల్టేజీ పాత బాడీతో ఎంత ఉందో విప్పే ముందే రాసుకుని ఉంటే, కొత్తదాన్ని సరిగ్గా ఆ అంకెకే తిప్పి బిగించవచ్చు. ఆ అంకె తప్పితే మీరు కాలు తీసేసినా ఈసీయూ తీయలేదనుకుంటుంది, స్లోయింగ్ పైనే ఆడుతుంటుంది. నా బండి మొదటి రోజు ఎర్ర లైటు దగ్గర 2,000 మీద అరుస్తుంటే పక్క ఆటో అతను "ఏంది సార్, రేసుకు పోతున్నవా" అన్నాడు.

బ్యాటరీ కలిపి, ఏసీ, లైట్లు ఆపి, ఇంజన్ పూర్తిగా వేడెక్కి ఫ్యాన్ ఒకసారి తిరిగేదాకా రేస్ ఇవ్వకుండా వదిలేయండి. ఈసీయూ కొత్త స్లోయింగ్ నేర్చుకుంటుంది. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎంత రాసి ఉంటే అంతకు రావాలి. రాకపోతే నీళ్ల స్ప్రేతో మళ్లీ ప్యాకింగ్ చుట్టూ వెతకండి. తర్వాత గేజ్ పెట్టుకుని అదే రోడ్డు మీద అదే గేరులో లాగండి. దోస్తు బండికి రెండున్నర ఒకటికి దిగింది.

మైలేజీ కొలిచేటప్పుడు

డిస్‌ప్లే మీది అంకె కాదు, ట్యాంకు లెక్క. ఒకే బంకు, ఒకే మిషన్, మొదటి కట్‌కు ఆపాలి, చుక్క ఎక్కువ పోయించొద్దు. కనీసం 300 కిలోమీటర్లు మీరు రోజూ తిరిగే దారుల్లోనే తిరిగి మళ్లీ అక్కడే నింపండి. టైర్ల గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూడండి. లివర్ టూ హైలో (వెనక చక్రాలే లాగేది), ముందు హబ్బులు ఫ్రీలో ఉండాలి. బ్రేకు పట్టేసి ఉందేమో, బండి దిగి చక్రాలు చేత్తో తాకితే తెలుస్తుంది.

పెద్ద టైర్లు వేసుకున్నవాళ్లు మీటరును నమ్మితే మోసపోతారు. కంపెనీ 205/70 ఆర్15 టైరు ఎత్తు 668 ఎంఎం. 235/75 ఆర్15 వేస్తే 733 అవుతుంది. అంటే మీటరు 100 చూపినప్పుడు బండి నిజానికి దాదాపు 110 కిలోమీటర్లు పోయింది. మైలేజీ పడిపోయిందని ఏడ్చేవాళ్లలో కొందరికి పడిపోయింది మీటరే.

నా నోటు పుస్తకంలో ఉన్నది: కడగకముందు లీటరుకు 9.2, పెద్ద బాడీతో 8.9, పాతదాన్ని కడిగి మూత రబ్బరు, చిట్లిన ఒక సన్న గొట్టం మార్చాక 10.4. ఆ గొట్టం ఖరీదు నేను తాగిన టీల కంటే తక్కువ.

ఏం వేసినా, వేయకున్నా, 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులు ఒకసారి పానా పెట్టి చూడండి. ఫిల్టర్ తర్వాతి గొట్టం విప్పి లోపలి గోడ మీద తెల్ల గుడ్డ చుట్టిన వేలితో రాయండి. కాస్త నూనె తడి ఉంటే పర్వాలేదు. ఎరుపు అంటితే ఫిల్టర్ మూత దగ్గరికి పోయి మళ్లీ మొదటి నుంచి వెతకడమే.